గోడమీది పట్టిక, చదువురాని పాఠకురాలు

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో చదువు పందెం పెట్టుకున్నాం. పాత క్యాలెండరు వెనకవైపు గళ్లు గీసి గోడకు తగిలించినాం. తొమ్మిదో తరగతికి పోబోయే కూతురు, నాలుగు పూర్తిచేసిన కొడుకు, నా భార్య, నేను. పిల్లల పుస్తకం చదివితే ఒక మార్కు, పెద్దల పుస్తకం చదివితే మూడు. బడి తెరిచేలోపల ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లు అడిగింది ప్రొద్దుటూరులో కొనిపెట్టాలి.

ఇది నా సొంత ఆలోచనేమీ కాదు. బడిలో చేసిందే ఇంటికి తెచ్చినాను. మన రాష్ట్రంలో 2020లో ‘చదవడం మాకిష్టం’ అని కార్యక్రమం మొదలైంది. తర్వాత కేంద్ర ప్రభుత్వం వంద రోజుల చదువు కార్యక్రమం పెట్టింది. 2022 జనవరి 1 నుంచి ఏప్రిల్ 10 దాకా 14 వారాలు, బాలవాటిక నుంచి ఎనిమిదో తరగతి పిల్లల వరకు. మంచి పనులే, కాదనను. బడిలో అట్టపెట్టెల్లో మూలుగుతున్న కథల పుస్తకాలు పిల్లల చేతికి వచ్చినాయి. కానీ ఉపాధ్యాయుడిగా నా చేతికి వచ్చింది మాత్రం ఎంతమంది, ఎన్ని అనే లెక్క. ఎవరు ఏ పేజీ దగ్గర నవ్వినారు, ఏ పేజీ దగ్గర పుస్తకం మూసినారు అని రాయడానికి అందులో గడి లేదు. మా ఇంటి పట్టికలోనూ నేను ఆ గడి పెట్టలేదు.

ఫలితం వారంలోనే తెలిసింది. నా కొడుకు ఎనిమిది పేజీల బొమ్మల పుస్తకాలన్నీ ఏరుకొని రోజుకు నాలుగు చొప్పున ముగించి అందరికంటే ముందున్నాడు. ‘ఆ ఏనుగు కథలో చివరికేమైందిరా’ అంటే ‘అది నిన్నటిది గదా’ అన్నాడు. నా భార్య వంటపని, కూలిపని ముగించుకొని రాత్రి పది పేజీలు చదివేది. ఆమె గడి ఖాళీగా ఉండేది. తీరిక ఉన్నవాళ్లే గెలిచే పందెం అది. మా అమ్మకైతే గడే లేదు. ఆమెకు చదువు రాదు. బుట్టలల్లుకుంటూ వసారాలో కూర్చొని మమ్మల్ని చూస్తుండేది.

ఒకరోజు నా కూతురే అనింది. “నాన్నా, అవ్వకు చదివి వినిపిస్తే అవ్వ చదివినట్టే గదా? ఇద్దరికీ మార్కు వెయ్యి.” వేసినాను. అక్కడి నుంచి మా పందెం దారి మారిపోయింది. ఈ వ్యాసం రాయడానికీ అదే కారణం. చదువురాని మనిషి ముందు గట్టిగా చదివితే ఏ పుస్తకం నిలబడుతుందో, ఏది కూలబడుతుందో అప్పుడే చూసినాను. డీఎడ్ చదివిన రెండేళ్లలో నాకు ఈ కొలబద్ద ఎవరూ చెప్పలేదు.

మొదట ‘రైలుబడి’. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసింది. మొదటి బడి పాపను భరించలేక పంపించేస్తుంది. రెండో బడిలో తరగతి గదులు పాత రైలుపెట్టెలు. అక్కడి పెద్దసారు కొబయాషి, చేరిన రోజే ఆ పాప మాటలను నాలుగు గంటలసేపు వింటాడు. నా కొడుకుకు రైలుపెట్టెలు నచ్చినాయి. మా అమ్మకు ఆ నాలుగు గంటలు నచ్చినాయి. “నిన్ను బడిలో ఏసినపుడు ఆ అయ్యోరు నీ పేరన్నా సరిగ్గా అడగలేదురా, కాలనీ పేరు అడిగి రాసుకున్న్యాడు” అనింది. నాకు గుర్తులేని సంగతి ఆమెకు గుర్తుంది. పిల్లల పుస్తకమని ఒక మార్కు పెట్టినాం దీనికి. నిజానికి ఉపాధ్యాయులు చదవాల్సిన పుస్తకం. పిల్లలకు అందులో ఆటలుంటాయి, మనకు మన తప్పులుంటాయి.

తర్వాత ‘తొలి ఉపాధ్యాయుడు’. కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్మాతోవ్ నవలిక. దూయిషేన్ అనే యువకుడు, తనకే అంతంతమాత్రం చదువొచ్చు, పాడుబడిన గుర్రాలసాలను బాగుచేసి బడి పెడతాడు. చలికాలంలో పిల్లలను వీపున మోసుకొని వాగు దాటిస్తాడు. అల్తినాయ్ అనే అనాథపిల్లను బంధువులే రెండో భార్యగా అమ్మేస్తే ఎదిరించి తన్నులు తిని, చివరికి విడిపించుకొని వచ్చి పట్నానికి చదువుకు పంపిస్తాడు. ఇది పిల్లల పుస్తకమా, పెద్దలదా? పట్టికలో ఎక్కడ వేయాలో తెలియక నేను తికమకపడినాను. ఆ పెళ్లి ఘట్టం దగ్గర దాటవేద్దామని రెండు పేజీలు తిప్పితే కూతురు పట్టుకుంది. “అది ఎందుకు వదిలేసినావు? మా తరగతిలో ఒక పాప ఈ సంవత్సరం రాలేదు, ఎందుకో నీకు తెలీదా?” అనింది. మళ్లీ వెనక్కి తిప్పి చదివినాను.

ఈ పుస్తకాన్ని మన ఉపాధ్యాయులు త్యాగం గురించిన కథగా పొగుడుతారు. పొగడనీ. కానీ మొదట్లో వచ్చే భాగాన్ని ఎవరూ ప్రస్తావించరు. ఆ ఊళ్లో కొత్త బడి కడతారు. పెద్ద విద్యావేత్త అయిన అల్తినాయ్‌ని పిలిచి పీట వేస్తారు. ముసలివాడైపోయిన దూయిషేన్ అప్పటికి టపా మోసే పనిలో ఉంటాడు. అభినందన తంతులు తెచ్చి ఇచ్చి పోతాడు. లోపల విందు జరుగుతుంటే ఆయన చదువును తలుచుకొని నవ్వుకుంటారు. మా అమ్మ అల్లే చేయి ఆపి, “ఆయప్పను లోపలికి పిల్చలేదా?” అని అడిగింది. ఇరవైయేళ్ల కింద ఈ పుస్తకం మొదట చదివినప్పుడు నేను ఆ వాగు దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాను. ఈ వాకిలి దగ్గర ఆగలేదు. ఆగాల్సింది ఇక్కడే. మనకు బడి తెచ్చినవాళ్లు మనలోనూ ఉన్నారు. ప్రారంభోత్సవాల్లో వాళ్లకు కుర్చీ ఉండదు.

ఇక పెద్దల పుస్తకాల్లో మా ఇంట్లో పెద్ద వాదులాట తెచ్చింది డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. చిత్తూరు జిల్లా మనిషి, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసినాడు, 2015లో పోయినాడు. పందులు మేపుకునే ముసలివాడు, మందలో తప్పిపోయిన తల్లిపంది కోసం ఒక రాత్రంతా అడవిలో తిరగడం ఇందులోని కథ. విమర్శకులు దీన్ని హెమింగ్వే ‘ముసలివాడు-సముద్రం’ పక్కన పెట్టి చూస్తారు. నేనూ అట్లే చదువుకున్నాను, అది గొప్ప పోలిక అనుకున్నాను.

మా ఇంట్లో పందులుండేవి. మా అమ్మ మా నాయనతో పాటు వాటిని మేపింది. నేను నాలుగో వంతు చదివేసరికే ఆమె అడ్డం వచ్చింది. “ఈనే పందిని ముందురోజే కనిపెట్టుకోవల్లరా. గడ్డి నోట కరుచుకొని పోతాంటాది గూడు పెట్టుకోడానికి. ఈయప్ప చూసుకోల్యా?” నేను ఏమీ చెప్పలేకపోయినాను. హెమింగ్వే ముసలివాడు పట్టేది సముద్రంలోని చేప. అది అతనికి పరాయిది. కేశవరెడ్డి ముసలివాడు వెతికేది తను పెంచిన జీవాన్ని. ఈనిన పంది ఎవరినీ దగ్గరికి రానీయదు, పెంచినవాడిని కూడా. అందుకే ఈ నవలలో మనిషికీ అడవికీ యుద్ధం పైపైన ఉంది. లోపల ఉండేది ఇంటి మనిషికీ ఇంటి జంతువుకూ మధ్య గొడవ. వేటగాడి కథగా చదివితే ‘జయించాడు’ అన్న మాట గర్వంగా వినపడుతుంది. పందులు మేపినవాళ్లు వింటే అందులో ఎగతాళి వినపడుతుంది. తెల్లవారేసరికి అతని చేతిలో ఏమీ మిగలదు గదా. రచయిత మన కులంవాడు కాకపోయినా మన పనిని వంగి, దగ్గరగా చూసినాడు. అయితే నాకొక అసంతృప్తి ఉంది. ఆ ముసలివాడు ఆ రాత్రి తలపోసే తలపోతలు కొన్నిచోట్ల చదువుకున్న డాక్టరు తలపోతల్లా ఉంటాయి. ఆ పేజీల దగ్గరే మా అమ్మ కునుకు తీసేది. పంది రాగానే లేచేది.

ఇప్పుడు మంచిగా చెప్పలేని పుస్తకం గురించి చెప్పాలి. దాని పేరు రాయను. పిల్లల కథల సంపుటం, రంగుల అట్ట, బడి పెట్టెలోంచి తెచ్చిందే. అందులో ఒక కథలో ఊళ్లో దొంగతనం జరుగుతుంది. తెలివైన పిల్లవాడు దొంగను పట్టిస్తాడు. దొంగ ఎవరంటే ఎరుకలవాడు. అంతే, వేరే వర్ణన లేదు, పేరు లేదు. ఆ మాటే చాలనుకున్నాడు రాసినాయన. అవ్వకు చదివి వినిపిస్తున్న నా కూతురు ఆ పేజీ దగ్గర నిలబడిపోయింది. తర్వాత ‘ఎరుకలవాడు’ అన్నచోట ‘ఒకడు’ అని మార్చి చదువుకుంటూ పోయింది. మా అమ్మకు తెలియలేదు. వసారా చివర కూర్చున్న నాకు తెలిసింది. రాత్రి వచ్చి, “నాన్నా, దీన్ని లెక్కలో వెయ్యాలా?” అని అడిగింది.

మా అమ్మ చదువుకోలేదు గానీ ఆ కథకు వెనక కథ ఆమెకే బాగా తెలుసు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేసినారు. మద్రాసు రాజధానికి అది 1911 తర్వాత వచ్చింది. పుట్టుకతోనే దొంగలని కులాలకు కులాలనే రాసుకున్నారు, అందులో మా వాళ్లూ ఉన్నారు. రాత్రిపూట పేరు పిలిస్తే పలకాలి, ఊరు దాటితే చెప్పిపోవాలి. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి కాపలా కాసినారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టం పోయిన తర్వాత పుట్టిన నా తండ్రిని కూడా జాతరలో పోలీసులు ఊరికే పక్కకు నిలబెట్టినారు. అదే తెలుగు నేలమీద శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసి పద్మావతి తల్లికి సోది చెప్పిన కథను భక్తితో చెప్పుకుంటారు. దేవుడు వేసుకుంటే ఆ వేషం పూజ్యం. మేము పుట్టుకతో తెచ్చుకుంటే అనుమానం.

ఇంత చరిత్ర నా కూతురికి అప్పుడు చెప్పలేదు. కొంచెం చెప్పినాను. ‘దాచెయ్’ అని చెప్పడమా, ‘చదువు, చదివి పోట్లాడు’ అని చెప్పడమా అని రెండు రోజులు కిందామీదా పడినాను. బడిలో ఆ పుస్తకాన్ని తీసేయడం నా చేతిలో పనే. కానీ రేపు సినిమాలోనో, ఇంకో పుస్తకంలోనో అదే దొంగ మళ్లీ వస్తాడు. అందుకని ఎదురు పుస్తకం వెతికినాను. పలమనేరు బాలాజీ ‘ఏకలవ్య కాలనీ’ దొరికింది, ఎరుకల జీవితాల కథలు. ప్రొద్దుటూరులో కాదు, ఒక మిత్రుడు పోస్టులో పంపినాడు. పిల్లల కోసం రాసిన పుస్తకం కాదది. అయినా నా కూతురు మూడు రోజుల్లో చదివేసింది. మా కాలనీలో ఉన్న మనుషులు అచ్చులో ఉండడం చూసి, “ఇట్లా కూడా రాయొచ్చా?” అనింది. లంబాడీ యువకుడు రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చిందని చెప్పినాను. అతని వయసు అడిగింది, నవ్వింది.

అయితే ఇవన్నీ పెద్దల పుస్తకాలే. నా కొడుకు వయసువాడికి ఏమున్నాయి? ఆదివాసీ అంటే అడవి, ఈక, విల్లు అని గీసిన బొమ్మలున్నాయి. కుందూ ఒడ్డున, శనగ, పత్తి పండే నల్లరేగడిలో, బస్సు కోసం నిలబడే ఎరుకల పిల్లవాడు ఏ బొమ్మల పుస్తకంలోనూ లేడు. మాట్లాడితే కుర్రు భాష అంటాం, అచ్చులో దానికి చోటు లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని మేమూ కడుతున్నాం. ఆ పైసలతో వచ్చే పుస్తకాలు మా కాలనీ దాకా రావు. వచ్చినా వాటిలో మేముండం. ఉంటే ఆ దొంగలాగా ఉంటాం. ఈ సంచికలో రాసేవాళ్లను ఒకటి అడగాలని ఉంది. కవితలు చాలా రాస్తున్నాం. ఎనిమిది పేజీల బొమ్మల కథ ఎవరన్నా ఒక్కటి రాస్తారా? రాసి ముందుగా చదువురాని ఒక అవ్వకు వినిపించండి.

సెలవుల చివర మార్కులు కూడినాం. పట్టికలో గెలిచింది మా అమ్మ. పుస్తకం ఏదైనా ఆమె దగ్గరికి వచ్చే చదివినారు కాబట్టి అందరి మార్కులూ ఆమె గడిలోకి చేరినాయి. ప్రొద్దుటూరులో ఏం కొనాలి అంటే బుట్టలకు మంచి కత్తి అడిగింది. పేరు రాయని ఆ పుస్తకం కూడా పట్టికలో చివరి వరసలో ఉంది. నా కూతురే రాసింది, ఎర్ర పెన్నుతో. మార్కు దగ్గర సున్న పెట్టి, పక్కన చిన్న అక్షరాలతో: ‘దొంగ ఎవరో రాసినాయనకు తెలీదు.’