వ్యాసుని దక్షారామ ప్రవేశము: భీమఖండముపై ఒక పరిశీలన

వ్యాసుడు కాశిలో భిక్ష దొరకక, ఆకలికి తాళలేక, ఆ పురమును శపింప బూనిన కథ తెలుగు విద్యార్థులకు చిరపరిచితము. శ్రీనాథుని కాశీఖండము సప్తమాశ్వాసమునందలి ఆ ఘట్టము ‘భిక్ష’ యను పేర ఉన్నత పాఠశాలల వాచకములలోనికి ఎక్కినది. పార్వతి గృహిణీరూపమున వచ్చి మునిని మందలించి భోజనమునకు పిలుచుటతో పాఠము ముగియును. అటుపిమ్మట శివుడు ఆయనను కాశినుండి వెడలగొట్టెను గదా! వెడలినవాడు ఎచ్చటికి పోయెను? ఈ ప్రశ్న తరగతిలో అరుదుగా వినబడును. దీనికి శ్రీనాథుడే మరియొక కావ్యమున చెప్పిన సమాధానము గోదావరీ మండలమునకు సంబంధించినది. దానిని విచారించుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

సంస్కృత కాశీఖండమున బహిష్కృతుడైన వ్యాసుడు కాశిని విడిచి దూరము పోలేడు. గంగకు ఆవలియొడ్డున నివసించుచు, అష్టమీ చతుర్దశులందు మాత్రము పురప్రవేశమునకు అనుమతి పడయును. రామనగరము వైపున వ్యాసకాశి యను స్థలము నేటికిని ఈ కథను జ్ఞప్తికి దెచ్చుచున్నది. భీమేశ్వరపురాణమునందలి వ్యాసుడు అట్లు ఆవలియొడ్డున నిలువడు. భీమఖండమని ప్రసిద్ధమైన ఈ ఆరాశ్వాసముల కావ్యమున ముని, దేవి ఆదేశమున, శిష్యసమేతుడై దక్షిణమునకు తరలును; తూర్పు తీరముననున్న క్షేత్రములను సేవించుచు పీఠికాపురము మీదుగా దక్షారామము చేరును. ఒక కథకు ఇవి రెండు ముగింపులు. మొదటిదానిలో ముని పోగొట్టుకొన్నదానిని చూచుచు కూర్చుండును. రెండవదానిలో లేచి నడచును. ఈ భేదమును గుర్తింపనిచో భీమఖండము కేవల క్షేత్రమాహాత్మ్యముగనే కనబడును.

కావ్యరచనా కాలపరిస్థితిని కొంత స్మరింపవలసియున్నది. శ్రీనాథుడు కొండవీటి పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున విద్యాధికారిగా నుండెను. కొండవీటి రెడ్డిరాజ్యము 1424 ప్రాంతమున అస్తమించెను. భీమఖండమునకు కృతిభర్త రాజమహేంద్రవరపు రెడ్డిరాజులకు మంత్రియైన బెండపూడి అన్నయామాత్యుడు. కాశీఖండమునకు ఆ రాజ్యము నేలిన వీరభద్రారెడ్డి. కృష్ణాతీరపు ఆశ్రయము వీడి గోదావరీతీరము చేరిన కవి, కాశి వీడి దక్షారామము చేరిన మునిని వర్ణించినాడు. ఈ పోలిక మనస్సును లోగొనునది. అయినను దీనిని ప్రమాణముగా గ్రహింపరాదని నా మనవి. కథ కవి కల్పించినది కాదు, స్కాందపురాణములోనిదిగా చెప్పబడునది. కృతిభర్త నివసించు మండలములోని క్షేత్రమును స్తుతించుట కృతిని అంకితమిచ్చు కవికి సహజధర్మమే. కావున కవి జీవితమును కావ్యమున వెదకుటకంటె, కావ్యము తన కథను ఎట్లు నడిపెనో పరికించుట మేలు.

నడక యందలి ముఖ్యాంశము అగస్త్యుని సమాగమము. దక్షారామమున వ్యాసునకు తోడైనవాడు అగస్త్యుడు. ఈయనయు కాశీవియోగి. వింధ్యగర్వమును అణచుటకై దేవతల ప్రార్థనమున కాశిని విడిచి దక్షిణమునకు వచ్చి మరల పోలేకపోయినవాడు. ఒకడు శాసింపబడి వెడలెను. ఒకడు లోకహితమునకై వెడలెను. వీరిరువురును కలిసినచోట విలాపమునకు ఎంతయో తావు గలదు. కాని కావ్యము విలాపమును పెంపలేదు. ముందు వచ్చిన అగస్త్యుడు, వెనుక వచ్చిన వ్యాసునకు ఆ నేలకథను చెప్పును. కొత్తగా వచ్చినవానికి ఊరు కండ్లకు కనబడును గాని తెలియదు. తెలిసినవాడు చెప్పినపుడే అది నివాసయోగ్యమగును. క్షేత్రకథ నంతయు ఇట్టి సంభాషణముగా నిలుపుటవలన పురాణకథనమునకు ప్రయోజనము సిద్ధించినది.

ఇక కావ్యము దక్షారామమునకు ఇచ్చిన స్థానమెట్టిది? కాశి మోక్షము నొసగును. దక్షారామము భోగమును మోక్షమును రెంటిని ఒసగును. ఇది కావ్యసిద్ధాంతము. ఆకలిచే నోరుజారిన మునిని ఈ నేలకు పంపుటలోని ఔచిత్యము ఇచ్చట గోచరించును. దేహధర్మమును దోషముగా నెంచని క్షేత్రము ఆయనకు కావలసియుండెను. భీమఖండమున శృంగారవర్ణనము మితిమీరినదని కొందరందురు. భోగమోక్షములకు సమప్రాధాన్యము చెప్పిన కావ్యమున శృంగారము అప్రస్తుతము కాదు. అయినను ఆక్షేపణమున కొంత సత్యము కలదు. కవి భోగమనగా పురస్త్రీల సౌందర్యమని తరచుగా భావించినాడు. ఆ భోగమునకు ఆధారమైన వరిచేను దున్నువాడు, పడవ నడుపువాడు, ఉప్పుకొటారున పనిచేయువాడు ఆ వర్ణనములలో అంతటి చోటు పొందలేదు. సిద్ధాంతము విశాలము, నిర్వాహము సంకుచితము.

నేటి పాఠకుడు ఇంకొక పొరపాటునకు లోనుగాకుండ జాగ్రత్తపడవలెను. రామచంద్రపురమునకు చేరువనున్న ద్రాక్షారామమునకు ఇపుడు పోవువాడు కాలువలను, ఎడతెగని పచ్చని చేలను చూచి, ఇదియే శ్రీనాథుడు చూచిన సీమయని తలచును. ధవళేశ్వరపు ఆనకట్ట ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847లో ఆరంభమై 1852లో పూర్తియైనది. అంతకుముందు ఈ డెల్టా కరవునకును వరదకును తుపానునకును లోబడిన నేల. 1839లో కోరంగిని ఉప్పెన ముంచినది. కాలువలు లేని కాలపు కవి ఈ సీమను భోగభూమి యనుట, చూచినదానిని చెప్పుట మాత్రమే కాదు. కోరదగినదానిని చెప్పుటయు నగును. క్షేత్రము గోదావరి యొడ్డున లేదు. గౌతమి కోటిపల్లి వద్ద ప్రవహించును. దక్షారామమున నున్నది సప్తగోదావర మను కొలను. ఏడుపాయల నదిని కొలనునకు రప్పించిన స్థలపురాణమున, నీటికై ఈ నేల పడిన తపన నాకు వినబడుచున్నది.

శ్రీనాథుని పేర చెల్లు చాటువులను దీనితో పోల్చి చూడవచ్చును. పలనాటి జొన్నకూటిని, రాళ్లను హేళన చేసిన చాటువుల కర్తృత్వము నిశ్చితము కాదు. కాని వానిలోని చూపు అతిథిచూపు: తనకు అలవడిన తిండి దొరకలేదని ఊరిని నిందించును. కాశిలో వ్యాసుడు చేసినదియు ఇదియే గదా! భీమఖండము ఆ చూపును దండించి, మరియొక చూపును నేర్పును. అయినను దానికొక పరిమితి కలదు. దక్షారామమును పొగడునపుడెల్ల కాశిని తలచును. తూనికరాయి ఎప్పుడును కాశియే. ఇంటివారి నేలను పొగడుటకు పరదేశపు కొలమానము కావలసివచ్చుట ఈ కావ్యపు బలహీనతయని నేను భావించుచున్నాను.

తూర్పు చాళుక్యుల నాటి ఆ ఆలయమున, పై అంతస్తున నిలిచి భీమేశ్వరుని దర్శించి, ఆవరణమునందలి శాసనముల యక్షరములను చదువ యత్నించినపుడు ఈ బలహీనత నాకు మరింత స్పష్టమైనది. ఆ శిలలపై దాతల పేర్లు, దీపములకు ఇచ్చిన గొఱ్ఱెల లెక్కలు, భూముల యెల్లలు కలవు. ఆ లెక్కలకు కాశితో పనిలేదు. కావ్యము విడిచిన జనులు శాసనములందు కొంతవరకు కనబడుదురు. పరిశోధక విద్యార్థులు ఈ రెంటిని ఎదురెదురుగా నుంచి చదివినచో భీమఖండ విమర్శ ముందునకు సాగును.

ఉపాధ్యాయులకు నా విన్నపమొక్కటి. ‘భిక్ష’ పాఠము ముగిసిన పిదప ఒక గంట భీమఖండమునకు కేటాయింపుడు. కోపముతో ఒక ఊరిని శపింపబోయినవాడు, మరియొక ఊరికి వచ్చి అగస్త్యుని యెదుట శ్రోతయై కూర్చున్నాడని విద్యార్థికి తెలియవలెను.