దేనికోసం ఆగాలి?

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ గల్లీలోకి తిరిగినా ‘సెలీనియం విత్ జావా’ బోర్డు ఒకటైనా కనిపిస్తుంది. మనిషికి బదులు ప్రోగ్రామే బ్రౌజర్ తెరిచి, ఫారాలు నింపి, బటన్లు నొక్కి, రావాల్సింది వచ్చిందో లేదో చూసుకునే విద్య అది. 2004లో షికాగోలో, థాట్‌వర్క్స్‌లో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్ తన పని తేలిక చేసుకోవడానికి మొదలుపెట్టిన పనిముట్టు మన ఊళ్లలో ఎంతమంది పిల్లలకు మొదటి జీతం తెచ్చిపెట్టిందో లెక్క లేదు. ఆ క్లాసుల్లో ఎక్స్‌పాత్ బ్రహ్మాండంగా నేర్పుతారు. పేజీలో ఏ మూల దాక్కున్న బటన్‌నైనా పట్టుకోవడం వచ్చేస్తుంది. పట్టుకున్నదాన్ని వదలడం మాత్రం ఉద్యోగంలో చేరాకే వస్తుంది. అదీ రాత్రి వదిలిన రన్ పొద్దున్నకల్లా సగంలో చచ్చి పడుంటే.

ఆ చావు రెండు రకాలు. మెమరీ నిండిపోయి పోవడం ఒకటి. ఎర్రర్ లేకుండా, లాగ్‌లో కొత్త వరుస పడకుండా, ఎక్కడిది అక్కడే నిలబడిపోవడం రెండోది. ఇవి వేర్వేరు జబ్బులని వేర్వేరు మందులు వాడుతుంటారు. పక్కవాళ్ల స్క్రిప్టులు చదివేకొద్దీ నాకు మాత్రం రెండింటికీ వేరు ఒకటేననిపిస్తుంది: తెరిచినదానితో పని ఎప్పుడు అయిపోతుందో, ఆగితే దేనికోసం ఆగాలో రాసినవాళ్లు ఎక్కడా చెప్పి ఉండరు.

ముందు మెమరీ సంగతి. క్రోమ్ ఒంటరి ప్రోగ్రాం కాదు, పెద్ద ఉమ్మడి కుటుంబం. ఒక ప్రధాన ప్రాసెస్, గ్రాఫిక్స్‌కు ఒకటి, నెట్‌వర్క్‌కు ఒకటి, పేజీలను గీసే రెండరర్లు ఇంకొన్ని. 2018లో, 67వ వెర్షన్ నుంచి డెస్క్‌టాప్ క్రోమ్‌లో వేర్వేరు సైట్లను వేర్వేరు ప్రాసెస్‌లలో పెట్టడం మామూలైంది. భద్రతకు మంచిదే. కానీ ప్రకటనల ఫ్రేములు నిండిన ఒక్క వార్తల పేజీ తెరిస్తే ఎన్ని లేస్తాయో పీఎస్ కమాండ్ కొట్టి చూడండి. స్క్రిప్ట్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, క్రోమ్ పేరుతో వరుసలు మాత్రం స్క్రీన్ దాటి కిందికి పోతుంటాయి. ఎవరికోసం బతుకుతున్నాయో వాటికే తెలియదు.

చాలాసార్లు కారణం చిన్నది. సెలీనియంలో క్లోజ్ అంటే ఆ ఒక్క విండో మూయడం. క్విట్ అంటే సెషన్ మొత్తం ముగించి, వెనకాల నడుస్తున్న క్రోమ్‌డ్రైవర్‌ను కూడా సాగనంపడం. మొదటిది రాసి రెండోది అయిపోయిందనుకుంటారు. క్విట్ రాసినవాళ్లు కూడా దాన్ని చిట్టచివరి వరుసలో పెడతారు. మధ్యలో ఎర్రర్ వస్తే అక్కడిదాకా వచ్చేదెవరు? దాని చోటు ఫైనల్లీ బ్లాక్. పైథాన్‌లో విత్ వాడితే ఆ శ్రమ కూడా లేదు.

ఇంకో తిరకాసు డాకర్‌ది. ‘అన్నా, సర్వర్‌లో పదహారు జీబీ ఉంది, ట్యాబ్ ఎందుకు క్రాష్ అవుతోంది?’ అని కొత్తగా చేరినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న. సర్వర్‌లో ఉంది నాయనా, నీ కంటైనర్‌లో క్రోమ్ వాడుకునే షేర్డ్ మెమరీకి డాకర్ మామూలుగా ఇచ్చేది 64 ఎంబీ. కాస్త బరువైన పేజీ వస్తే అది చాలదు. కంటైనర్ మొదలుపెట్టేటప్పుడే ఆ హద్దు పెంచాలి, లేదంటే ఆ చోటు వాడొద్దని క్రోమ్‌కే ఫ్లాగ్ ఇవ్వాలి. ర్యామ్ ఇంకా కొనిపించడం దీనికి మందు కాదు.

బొమ్మలు, వీడియోలు రాకుండా ఆపేస్తే మెమరీ కలిసొస్తుందని ఒక చిట్కా ఉంది. ధరలో, పట్టికలో తెచ్చుకునే స్క్రిప్ట్‌కైతే నిక్షేపంగా చేయండి. టెస్టింగ్‌లో మాత్రం నాకు ఇష్టం లేదు. వాడుకరి చూసే పేజీ వేరు, మనం పరీక్షించే పేజీ వేరు అయిపోతే ఆ పాస్‌కు విలువేముంది? అంతకన్నా సెలీనియం లాంటి ఇంకో పనిముట్టు ప్లేరైట్‌లో బ్రౌజర్ ఒక్కటే తెరిచి, ఒక్కో టెస్టుకు ఒక్కో కాంటెక్స్ట్ ఇచ్చి, పనైపోగానే దాన్ని మూసేయడం మేలు. కుకీలు కలవవు, ప్రతిసారీ క్రోమ్‌ను నిద్రలేపే పనీ ఉండదు. ఇక డేటా తెచ్చుకునే స్క్రిప్టుల్లో, తెచ్చిందంతా ఒకే లిస్టులో పోగేసి చివర్లో ఫైల్లో రాసేవాళ్లున్నారు. వచ్చిన వరుసను వచ్చినట్టే రాసేస్తే మెమరీ మిగులుతుంది, మధ్యలో పోయినా అప్పటిదాకా చేసింది దక్కుతుంది.

ఇక నిలబడిపోవడం. మా దగ్గరి కుర్రాడి స్క్రిప్ట్ ఒకటి చూశాను. లాగిన్ తర్వాత స్లీప్ ఐదు, మెనూ తర్వాత స్లీప్ పది, రిపోర్ట్ దగ్గర స్లీప్ ఇరవై.

‘ఈ ఇరవై ఎందుకురా?’

‘ఒకోసారి లేటవుతుందన్నా.’

‘ఏది లేటవుతుంది?’

జవాబు లేదు. వాడి లాప్‌టాప్‌లో నడిచిందట. ఇల్లు అలకగానే పండగ కాదు. సైట్ చురుగ్గా ఉన్న రోజు ఆ ఇరవై సెకన్లూ దండగ, ఈడుస్తున్న రోజు చాలవు. డౌన్‌లోడ్ బటన్ నొక్కడానికి వీలయ్యేదాకా ఆగు అని రాస్తే, పైథాన్ సెలీనియం అరసెకనుకోసారి చూసి, వీలవగానే ముందుకెళ్తుంది. గడువు దాటితే ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ను చూసి భయపడతారు గానీ, రాత్రంతా మౌనంగా నిలబడటం కంటే అదే నయం.

ఎవరూ పట్టించుకోని అంకె ఇంకొకటి ఉంది. సెలీనియం పాటించే వెబ్‌డ్రైవర్ ప్రమాణం ప్రకారం పేజీ లోడ్ కావడానికి మామూలు గడువు 300 సెకన్లు, అంటే ఐదు నిమిషాలు. పైగా బొమ్మలు, ఫ్రేములతో సహా అంతా దిగేదాకా ఆగడమే మామూలు పద్ధతి. ఎక్కడో ఒక ప్రకటనల సర్వర్ మొరాయిస్తే మన లాగిన్ నిమిషాల తరబడి గుమ్మంలో నిలబడుతుంది. పేజీ లోడ్ స్ట్రాటజీని ఈగర్ చేసి, కావాల్సిన ఎలిమెంట్ కోసం విడిగా ఆగితే ఆ బాధ తప్పుతుంది. ప్లేరైట్‌లో నెట్‌వర్క్ ఐడిల్ అనే ఆశ ఉంది: అరసెకను పాటు నెట్‌వర్క్ నిశ్శబ్దంగా ఉంటే పేజీ అయిపోయినట్టు. క్రికెట్ స్కోర్ పేజీ నిశ్శబ్దంగా ఉండేదెప్పుడు? టెస్టులకు దాన్ని వాడొద్దని ప్లేరైట్ డాక్యుమెంటేషనే చెబుతోంది.

మళ్లీ మెమరీ మాటకొస్తే, కొన్ని పేజీలకొకసారి బ్రౌజర్‌ను మూసి మళ్లీ తెరవడాన్ని నామోషీగా చూసేవాళ్లున్నారు. నాకు తప్పనిపించదు. సైట్ సొంత జావాస్క్రిప్టే మెమరీ కారుస్తుంటే మనం చేయగలిగిందేముంది?

అసలు ఈ రెండు జబ్బులూ కలిసేది, రన్‌లను వేళకు లేపే క్రాన్ దగ్గర. నిన్న రాత్రి నిలబడిపోయిన రన్ క్విట్ దాకా రాలేదు, దాని క్రోమ్‌లు అలాగే ఉన్నాయి. గంట కొట్టగానే క్రాన్ ఇవాళ్టి రన్ మొదలుపెట్టేస్తుంది. అదీ అక్కడే ఆగుతుంది. రేపు ఇంకోటి. చాప కింద నీరులా మెమరీ నిండి, చివరికి లినక్స్ తానే ఎవరో ఒకరిని చంపుతుంది. ఆ చచ్చేది డేటాబేస్ కూడా కావచ్చు. అందుకే పాత రన్ ఉండగా కొత్తది లేవకుండా ఎఫ్‌లాక్, మొత్తం రన్‌కు ఒక గడువుగా టైమౌట్ కమాండ్ పెట్టమంటాను. ఒక మెలిక ఉంది. ఆ కమాండ్ మామూలుగా పంపే టర్మ్ సంకేతానికి పైథాన్ ఫైనల్లీ దాకా వెళ్లకుండానే పడిపోతుంది. ఇంట్ సంకేతం, అంటే మనం కంట్రోల్ సీ నొక్కితే వెళ్లేది, ముందు పంపితే ఫైనల్లీ నడుస్తుంది, క్విట్‌కు అవకాశం దక్కుతుంది. దానికీ కదలకపోతే కాసేపాగి కిల్.