త్యాగరాజ కృతులలో సంగతుల కల్పన

పాటకు క్రొత్త వరుస ఎచ్చట నుండి పుట్టును? అది దైవదత్తమని చెప్పి ఊరకుండుట పరిపాటి. తిరువయ్యారున నివసించిన త్యాగరాజస్వామి (1767–1847) కృతులను పరిశీలించినచో వేరొక సమాధానము లభించును.

ఆయన పల్లవిలోని ఒక పంక్తిని గైకొని, సాహిత్యమును, తాళమును, ఎత్తుగడను మార్పక, స్వరసంచారమును మాత్రము మెల్లమెల్లగా పెంచుచు పోవును. ఇవియే సంగతులు. తొలి సంగతి రాగమునకు ద్వారము. తరువాతిది పంక్తి తుదినో నడుమనో కొంచెము మార్చును. ఆపైది ఆ మార్పునే ఆధారముగా గొని సాగును. ఖరహరప్రియలోని ‘చక్కని రాజమార్గములు’ ఇందుకు నిదర్శనము. ఇచట క్రొత్తదనము క్రొత్త సామగ్రి వలన గాక, చేతనున్న దానిని విడువక తరచుట వలన కలిగినది.

అయితే నేడు వినవచ్చు సంగతులన్నియు స్వామివారివి కావు. వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లైస్థానము శిష్యపరంపరల పాఠములలో భేదములు కలవు. పిదప విద్వాంసులును కొన్నిటిని చేర్చిరి. చేర్చుట దోషము కాదు. ఒక సంగతిని తొలగించినచో తరువాతిది నిలువలేకపోయిన, అది కృతికి అంగము. తొలగించినను లోటు తోపనిచో, అది కంఠచాతుర్యము మాత్రమే.

మరియొక పరీక్ష కలదు. సంగతి కొఱకు పదమును విఱిచినచో అర్థము చెడును. తెలుగెఱుగని గాయకులు సైతము ఈ కృతులను భక్తితో కాపాడిరి. వారికి పదచ్ఛేదమును తెలుపవలసిన బాధ్యత తమిళనాట తరతరములుగా నున్న తెలుగువారిదే.