పై విభాగంలో నిలిచేదెవరు?

బాక్సింగ్‌లో బరువు విభాగం అంటే ఇద్దరు ప్రత్యర్థుల దేహబలంలో తేడా మితిమీరకుండా గీసిన హద్దు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 47.6 కిలోలకు మించని మినిమమ్ వెయిట్ మొదలుకొని పైహద్దే లేని హెవీవెయిట్ వరకు సాధారణంగా 17 విభాగాలు ఉంటాయి. కింది విభాగాల మధ్య తేడా కిలోన్నర, రెండు కిలోలే కాగా, పైకి పోయేకొద్దీ అది మూడు నాలుగు కిలోలకు, క్రూయిజర్‌వెయిట్ దగ్గర ఏకంగా 11 కిలోలకు పెరుగుతుంది. ఈ మెట్లెక్కి పైవారితో తలపడిన బాక్సర్లలో చరిత్రకెక్కిన విజేతలూ ఉన్నారు, కోలుకోలేని దెబ్బతిన్నవారూ ఉన్నారు. వారి పోటీలను పక్కపక్కన పెట్టి చూస్తే, కొత్తగా పెంచిన కండ కంటే దూరాన్నీ సమయాన్నీ గుప్పిట్లో ఉంచుకునే నేర్పే ఫలితాన్ని ఎక్కువగా తేల్చిందని అర్థమవుతుంది.

ముందుగా తూకం సంగతి తెలియాలి. ప్రొఫెషనల్ పోటీలలో బరువు చూసేది ముందురోజు కనుక, చాలామంది బాక్సర్లు ఒంట్లోని నీటిని చెమటగా పోగొట్టుకొని తూకం నెగ్గి, పోటీ వేళకు మళ్లీ అనేక కిలోలు పుంజుకొని రింగ్‌లోకి దిగుతారు. అంటే కాగితం మీద వెల్టర్‌వెయిట్ అయినవాడు పోటీ రాత్రి మిడిల్‌వెయిట్ అయి ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఇలా శరీరాన్ని ఎండగట్టుకుంటూ వచ్చినవాడు పై విభాగానికి మారితే, అది సాహసం కన్నా ఊరట కిందికే వస్తుంది. ఎముకల నిర్మాణం, చేతుల పొడవు కింది విభాగానికే తగినట్టున్నవాడు మారితే మాత్రం కథ వేరు. కండ పెంచితే బరువు పెరుగుతుంది గానీ చేతులు సాగవు, దవడ దెబ్బకు ఓర్చే శక్తి కూడా ఆ లెక్కన పెరగదు. కింది విభాగంలో ప్రత్యర్థిని పడగొట్టిన పిడిగుద్దు పైవాడిని కాస్త ఆపి ఊరుకోవచ్చు. పైవాడు క్లించ్‌లో, అంటే చేతులతో పట్టుకొని ఒరిగినప్పుడు, మోపే భారం ఒక్కో రౌండుకూ కాళ్లలోని సత్తువను తోడేస్తుంది.

ఈ చిక్కుకు విరుగుడుగా ఎదిగిన పద్ధతిని ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ ఆటలో స్పష్టంగా చూడవచ్చు. 2018లో క్రూయిజర్‌వెయిట్ టైటిళ్లన్నిటినీ ఒక్కటి చేసిన అతడు వెంటనే హెవీవెయిట్ కిరీటం కోసం ఎగబడలేదు. రెండు పోటీలలో కొత్త బరువుకు ఒళ్లు అలవాటు చేసుకొని, 2021 సెప్టెంబరులో లండన్‌లో ఆంథొనీ జాషువాను పాయింట్ల మీద ఓడించాడు. సౌత్‌పా, అనగా కుడి చేయి, కుడి కాలు ముందుంచి నిలిచే ఎడమచేతివాటం బాక్సర్ కావడంతో, ముందుకాలిని ప్రత్యర్థి ముందుకాలికి బయటివైపున వేసి, జాబ్ అనే చురుకైన ముందుచేతి గుద్దుతో అతని చూపును కట్టి, ఎడమచేతి గుద్దుకు దారి చేసుకోవడం అతని విద్య. కొట్టిన చోట నిలవకుండా పక్కకు తిరిగిపోవడం వల్ల, పెద్దవాడు ప్రతిసారీ కాళ్లు సర్దుకోవలసి వస్తుంది, ఆ సర్దుబాటులోనే అలసిపోతాడు. 2024 డిసెంబరులో రియాద్‌లో టైసన్ ఫ్యూరీతో జరిగిన రెండో పోటీకి ఉసిక్ 102.5 కిలోలు, ఫ్యూరీ 127 కిలోలకు పైన తూగారు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఉసిక్‌కే 116-112 ఇచ్చారు.

టెరెన్స్ క్రాఫోర్డ్ 2025 సెప్టెంబరులో లాస్ వేగస్‌లో రెండు విభాగాలు పైకి దూకి, 76.2 కిలోల సూపర్ మిడిల్‌వెయిట్‌లో కనేలో అల్వారెజ్‌ను ఓడించడం అద్భుతమే. అయితే అక్కడ చాలామంది గమనించని కొలత ఒకటుంది: ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఎత్తు కాగా, చాచిన చేతుల కొలతలో కింది నుంచి వచ్చిన క్రాఫోర్డే దాదాపు 9 సెంటీమీటర్లు మిన్న. ఎనిమిది విభాగాలలో ప్రపంచ టైటిళ్లు గెలిచిన మ్యానీ పక్యావో ఘనతను మాత్రం కొంత జాగ్రత్తగా తూచాలి. 2010లో 69.9 కిలోల విభాగం టైటిల్‌ను అతడు క్యాచ్‌వెయిట్ మీద, అంటే ఇరుపక్షాలు ఒప్పుకున్న తక్కువ హద్దు మీద గెలిచాడు. ఆ పోటీ తూకంలో అతని బరువు దానికి కిందిదైన వెల్టర్‌వెయిట్ హద్దునైనా దాటలేదు. అతని వేగం, గుద్దులు వేసే కోణాలు నిజమైనవే. విభాగాల లెక్కలో ప్రమోటర్ల బేరం కూడా కలిసి ఉందని మరువరాదు.

ఓటములలో నేర్చుకోవలసింది ఎక్కువ. 1941లో లైట్ హెవీవెయిట్ నుంచి వచ్చిన బిల్లీ కాన్ పన్నెండు రౌండ్లు హెవీవెయిట్ చాంపియన్ జో లూయిస్‌ను కదలికలతో చిక్కబెట్టి, పదమూడో రౌండులో నాకౌట్ కోసం ఎదురు నిలిచి తానే కూలాడు. తనను అంతదాకా తెచ్చిన పద్ధతిని తానే వదిలేశాడు. 2016లో వెల్టర్‌వెయిట్ నుంచి నేరుగా మిడిల్‌వెయిట్ చాంపియన్ గెన్నడీ గొలోవ్‌కిన్ మీదికి వెళ్లిన కెల్ బ్రూక్ కంటిగూడు ఎముక విరిగింది. ఐదో రౌండులోనే అతని కోచ్ పోటీ ఆపించాడు. తిరిగి కిందికి దిగి ఎర్రోల్ స్పెన్స్‌తో తలపడితే రెండో కంటికీ అదే గతి పట్టింది. 2003లో జాన్ రూయిజ్‌ను ఓడించి హెవీవెయిట్ టైటిల్ గెలిచిన రాయ్ జోన్స్, ఆ కండ కరిగించుకొని లైట్ హెవీవెయిట్‌కు దిగిన మరుసటి ఏడే ఆంటోనియో టార్వర్ చేతిలో రెండో రౌండులో నాకౌటయ్యాడు. ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదమని ఈ రెండు ఉదంతాలూ చూస్తే అనిపిస్తుంది.

ఒలింపిక్ బాక్సింగ్‌లో ఎక్కడమైనా దిగడమైనా చాలాసార్లు బాక్సర్ ఇష్టం మీద ఉండదు. 48 కిలోలు, అంతకు తక్కువ విభాగాలలో అప్పటికే ఐదు ప్రపంచ టైటిళ్లు గెలిచిన మేరీ కోమ్, 2012 లండన్ క్రీడలలో మహిళలకు 51 కిలోలకు తక్కువ విభాగమే లేనందున పైకి మారి కాంస్యం గెలిచింది. 69 కిలోల విభాగం పారిస్ క్రీడలకు లేకుండా పోగా, లవ్లీనా బోర్గోహైన్ 75 కిలోలకు మారి 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. పొడవైన చేతులు, దూరం నుంచి ఆడే తీరు ఆమెకు పై విభాగంలోనూ అక్కరకొచ్చాయి. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌ది ఎదురు దారి. 2022లో 52 కిలోల ప్రపంచ టైటిల్ గెలిచిన ఆమె, ఒలింపిక్ విభాగం 50 కిలోలు కావడంతో కిందికి దిగింది. పోటీ ఉన్న ప్రతిరోజూ ఉదయం తూకం తప్పని ఆ పద్ధతిలో తిండీ నీళ్లూ కట్టేసుకొని పారిస్ బరిలో నిలిచి, ప్రీక్వార్టర్స్‌లో ఓడింది. తర్వాత ఒక కిలో పైకి, 51 కిలోల విభాగానికి మారి, 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో స్వర్ణం గెలిచింది.