వేరు పిలక

మా కంబదూరులో పెరట్లో మంచి కరేపాకు చెట్టున్న ఇంటికి వానలు మొదలైతే అడిగేవాళ్లు వస్తారు. "అక్కా, ఒక పిలక తీసియ్యవా?" తీసియ్యడం సరే, ఏది పిలకో ముందు తేలాలి గదా!

చెట్టు కింద లేచినవన్నీ పిలకలు కావు. పండ్లు రాలి, పిట్టలు తిని వదిలిన గింజలూ అక్కడే మొలుస్తాయి. గింజ మొలక సన్నగా, చిన్న ఆకులతో, నిదానంగా పెరుగుతుంది. పిలకకు చెట్టు తిండి అందుతుంది కాబట్టి ఏపుగా, పెద్ద రెమ్మలతోనే పైకొస్తుంది. అనుమానముంటే మొదలు దగ్గర మట్టి చేతివేళ్లతో తీసి చూడండి. మొలకైతే వేరు నిటారుగా దిగుతుంది. పిలకైతే అడ్డంగా పోయే వేరు చేతికి తగులుతుంది. గడ్డపార దెబ్బ తిన్న వేరు మీద ఇవి గుంపుగా లేస్తాయి. అడిగేవాళ్లకు కావలసింది మా చెట్టు వాసన. పిలకైతే ఆ వాసన ఖాయం, మొలక సంగతి పోపులో పడితేగానీ తెలీదు.

పిలకను ఉన్నపళంగా పెరికి చేతిలో పెట్టడం నాకు ఇష్టముండదు. దానికి సొంత వేర్లు నాలుగు కూడా ఉండవు. అడ్డవేరును చెట్టు వైపు మాత్రమే కోసి, మట్టి కప్పి, నెలా నెలన్నర అక్కడే వదిలేస్తాను. బిడ్డకు పాలు మాన్పించినట్టే, కొన్నాళ్లు మొహం వాడుతుంది. నీళ్లు పోస్తుంటే తేరుకుని పీచువేర్లు వేసుకుంటుంది. కొత్త చిగురు వచ్చాకే రెండో వైపు కోత. మా ఎర్రమట్టి పొడిగా ఉంటే వేర్లను వదిలి రాలిపోతుంది. అందుకే ముందు రోజు సాయంత్రం బాగా తడిపి, పొద్దున్నే మట్టిగడ్డతో ఎత్తి, తడి గోనెపట్టలో చుట్టాలి. ఆకు సగం తుంచెయ్యాలి (ఆ పూట చారుకు పనికొస్తుంది).

మా ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వానే సుమారు 550 మిల్లీమీటర్లు. ముంగారి వానను నమ్మి జూన్‌లో నాటితే ఆషాఢం గాలికి పిలక ఎండుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పేది ఆ గాలే మరి. సెప్టెంబరు, అక్టోబరులే మాకు కాస్త నమ్మకమైన నెలలు. ఆగస్టు మొదట్లో ఒక వైపు కోసి, ఉత్తర, హస్త కార్తెల్లో ఎత్తడం నా పద్ధతి.

వేప, కానగ వేర్లూ పిలకలేస్తాయి గానీ, గింజలు అన్ని రాలుతుంటే వాటి జోలికెవరు పోతారు? చీనీ (బత్తాయి) తోటల్లో లెక్క వేరు. అవి అంటుచెట్లు. అంటుకు దిగువన లేచేది చీనీ కాదు, అడుగున ఉన్న జంబేరి గానీ రంగపూర్ నిమ్మ గానీ. ఎంత పచ్చగా ఉన్నా కోసెయ్యాల్సిందే.

కరేపాకు తీసుకుపోయినవాళ్లు తప్పకుండా అడిగేది ఒకటుంది. "పులిసిన మజ్జిగ పొయ్యాలంట కదా?" పోస్తే పొయ్యండి. మొదటి ఎండాకాలమంతా రోజూ సాయంత్రం ఒక చెంబు నీళ్లు మాత్రం ఎగ్గొట్టొద్దు. ఇంకో వానాకాలం దాటేదాకా ఆకు మీద చెయ్యి వెయ్యొద్దు. అందాకా కరేపాకు మా ఇంట్లోనే కోసుకుపోండి.