స్వలింగానురాగము - మనోవిశ్లేషకుల లెక్క

సిగ్మండ్ ఫ్రాయిడ్ 1905లో ప్రకటించిన వ్యాసాలలో స్వలింగానురాగాన్ని వంశక్షీణతకు గుర్తుగా ఎంచడం తగదని వాదించినాడు. పురుషునికి స్త్రీపై కలిగే ఆకర్షణ కూడ తనంత తాను తేటపడే విషయం కాదనీ, దానికీ కారణం వెదకవలసినదేననీ 1915లో చేర్చినాడు. 1935లో ఒక అమెరికన్ తల్లికి వ్రాసిన జాబులో ఇది సిగ్గుపడవలసినదీ కాదు, జబ్బూ కాదు అన్నాడు. కాని అదే జాబులో దీనిని లైంగిక వికాసం మధ్యలో ఆగిపోవడంగా వర్ణించినాడు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఆగిపోయినదనడమంటే, చేరవలసిన గమ్యం ఒక్కటేనని ముందే ఒప్పుకొన్నట్లు గదా!

ఆయన వెనుక వచ్చిన అమెరికన్ విశ్లేషకులు జాబులోని దయను విడిచి, ఈ మాటను మాత్రం పట్టుకొన్నారు. 1962లో ఇర్వింగ్ బీబర్, ఆయన సహచరులు ప్రకటించిన గ్రంథం దీనికి ముఖ్యమైన ఉదాహరణ. 106 మంది స్వలింగానురాగులను, 100 మంది ఇతరులను పోల్చి, కొడుకును అతిగా అంటిపెట్టుకొనే తల్లి, దూరంగా మసలే తండ్రి ఇందుకు కారకులని తేల్చినారు. ఎందరు తల్లులు ఈ నిందను మోసినారో!

ఆ లెక్కలు చూడటానికి గట్టివే. కాని ఆ 206 మందీ మనోవిశ్లేషకుల వద్దకు చికిత్సకు వచ్చినవారే. కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుండి ఊరందరి చూపును నిర్ణయించడం వంటిదిది. పైగా ప్రశ్నావళిని నింపినది రోగులు కాదు, వారి విశ్లేషకులు. సాక్షి, న్యాయాధిపతి ఒకరే అయినారు. తండ్రి ఎడబాటు కారణమో, కొడుకు భిన్నంగా ఉన్నాడని తండ్రే ఎడమైనాడో ఆ లెక్క చెప్పలేదు. 29 మంది "మారినారు" అన్న మాటకూ ఆధారం చికిత్స చేసినవారి నివేదికే.

ఇంతకు అయిదేండ్ల ముందే, 1957లో, ఎవెలిన్ హుకర్ చికిత్సలో లేని 30 మంది స్వలింగానురాగులను, వారితో వయస్సు, చదువు, తెలివి సరితూగే 30 మంది ఇతరులను పరీక్షించినది. ఎవరు ఎవరో చెప్పకుండా ఆ ఫలితాలను నిపుణుల ముందుంచితే, వారు పోల్చుకొనలేకపోయినారు. నమూనా చిన్నదే; అయినా ప్రశ్న సరియైనది. జబ్బు మనస్సులో ఉంటే పరీక్షలో కనబడవలదా?

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో స్వలింగానురాగాన్ని వ్యాధుల పట్టికనుండి తొలగించినప్పుడు బీబర్ ఎదిరించినాడు. అమెరికన్ సైకోఎనలిటిక్ అసోసియేషన్ స్వలింగానురాగులకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు క్షమాపణ చెప్పినది 2019లో.