జీవశాస్త్ర బోధనకు ఏ చదువు? బి.ఇడి. బోధనా పద్ధతుల పేపరుపై ఒక విమర్శ

బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదువుతున్న మీలో చాలామంది లక్ష్యం ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పడం. అధికారిక భాషలో అది స్కూల్ అసిస్టెంట్ (జీవశాస్త్రం) పోస్టు. దానికి దారి మీకు తెలిసిందే: డిగ్రీ, ఎడ్‌సెట్, రెండేళ్ల బి.ఇడి., టెట్, ఆపైన డీఎస్సీ. ఆ పరీక్షలు దాటించే గైడ్లు తెనాలి, బాపట్ల, రేపల్లె ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఇక్కడ మనం వేసుకునే ప్రశ్న వేరు. ఈ చదువంతా పూర్తయ్యేసరికి మీకు తొమ్మిదో తరగతి ముందు నిలబడి పాఠం చెప్పడం వస్తుందా? ఇప్పుడున్న అమరికలో పూర్తిగా రాదని నా అభిప్రాయం. లోపం మీలో లేదు. చదువును ముక్కలు చేసిన తీరులో ఉంది.

విమర్శలోకి వెళ్లేముందు ఒక అపోహ తొలగించాలి. డిగ్రీ దూరవిద్యలో చేశాం కనుక బి.ఇడి. కూడా అలాగే చేయవచ్చని కొందరు అనుకుంటారు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం దూరవిద్య బి.ఇడి. ఇప్పటికే శిక్షణ పొంది పనిచేస్తున్న ప్రాథమిక స్థాయి ఉపాధ్యాయులకు, లేదా గుర్తింపు పొందిన ఉపాధ్యాయ శిక్షణను రెగ్యులర్‌గా పూర్తి చేసినవారికి మాత్రమే. డిగ్రీ ఒక్కటే చేతిలో ఉన్నవారు రెగ్యులర్ కళాశాలలో చేరవలసిందే. పగలు పనికి వెళుతూ చదువుకునే మీకు రెండేళ్ల ఆదాయం వదులుకోవడం చిన్న సంగతి కాదు. కాబట్టి ఆ రెండేళ్లలో ఏం దొరుకుతుందో ముందే లెక్క చూసుకోవడం న్యాయం.

బి.ఇడి.లో 'జీవశాస్త్ర బోధనా పద్ధతులు' పేపరు తెరిచి చూడండి. బోధనా లక్ష్యాలు, స్పష్టీకరణలు, బ్లూమ్ 1956లో ప్రకటించిన వర్గీకరణ, ఉపన్యాస పద్ధతి, ప్రదర్శన పద్ధతి, అన్వేషణ పద్ధతి, వార్షిక పథకం, యూనిట్ పథకం, పీరియడ్ పథకం. ఇవన్నీ అవసరమే. కానీ పేపరు పేరులో ఉన్న జీవశాస్త్రం లోపల చాలా పలుచన. 'ప్రదర్శన పద్ధతి గుణదోషాలు' అన్న జవాబులో జీవశాస్త్రం అన్న మాట తీసేసి భౌతికశాస్త్రం అని పెడితే ఆ జవాబుకు మార్కులు తగ్గవు. నా దృష్టిలో ఈ పేపరు మీద ఇంతకన్నా పెద్ద ఫిర్యాదు లేదు. డిగ్రీలో విషయం ఉంది, విద్యార్థి లేడు. బి.ఇడి.లో విద్యార్థి ఉన్నాడు, విషయం లేదు. రెంటినీ కలిపే పని ఎవరికీ అప్పగించలేదు.

అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ఈ ఖాళీని ఎత్తిచూపాడు. విషయ పరిజ్ఞానం, బోధనా పరిజ్ఞానం కాక మూడోది ఒకటుందని అతని వాదన. ఒక నిర్దిష్ట విషయాన్ని పిల్లలు ఎక్కడ పొరబడతారో, ఏ ఉదాహరణ దాన్ని విప్పుతుందో తెలిసి ఉండటం. ఒక ఉదాహరణతో చూద్దాం. రాత్రిపూట చింతచెట్టు కింద పడుకోకూడదని మన ఇళ్లలో చెబుతారు. పిల్లవాడు ఈ మాటతోనే తరగతికి వస్తాడు. కిరణజన్య సంయోగక్రియ పాఠం విన్నాక వాడి బుర్రలో స్థిరపడేది ఏమిటంటే, మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయని. మొక్క రాత్రింబగళ్లు శ్వాసిస్తూనే ఉంటుందని, పగలు కిరణజన్య సంయోగక్రియ వేగం ఎక్కువ కావడం వల్ల ఆక్సిజన్ బయటికి రావడమే మనకు కనబడుతుందని చెప్పాలంటే ముందు ఆ పొరపాటు ఎక్కడ పుట్టిందో ఉపాధ్యాయురాలికి తెలియాలి. ఇది డిగ్రీ పుస్తకంలో లేదు, బ్లూమ్ వర్గీకరణలోనూ లేదు.

ఇక అనువంశికత పాఠానికి వద్దాం. మెండెల్ బఠానీ మొక్కలు, పొడవు, పొట్టి, 3:1 నిష్పత్తి. పాఠ్యపథకంలో 'బోధనోపకరణాలు' అన్నచోట బఠానీ చార్టు అని రాస్తారు. బాపట్ల చుట్టుపక్కల పిల్లల్లో ఎందరు బఠానీ మొక్కను చూసి ఉంటారు? అదే పిల్లలు రోజూ తినే సాంబ మసూరికి బి.పి.టి. 5204 అని మరో పేరు. ఆ మూడు అక్షరాలు బాపట్లను సూచిస్తాయి. 1945లో వ్యవసాయ కళాశాల పెట్టిన ఊరు అది. 1986లో విడుదలైన ఈ వరికి జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్-1, మసూరి రకాలు పూర్వీకులు. వీటిలో తైవాన్ నుంచి వచ్చిన తైచుంగ్ నేటివ్-1 పొట్టి రకం. దాని పొట్టిదనం అంతర్గత లక్షణం, మెండెల్ పొట్టి బఠానీలో లాగే. రెండింటిలోనూ లోపించేది జిబ్బరెల్లిన్ తయారీలో ఒక మెట్టే, మెట్లు వేరైనా. అంటే నియంత్రణ-సమన్వయం పాఠంలో చెప్పిన హార్మోన్ అనువంశికత పాఠంలో మళ్లీ ఎదురవుతుంది. అక్కడితో కథ ఆగదు. బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను హైదరాబాదు శాస్త్రవేత్తలు ఇదే సాంబ మసూరిలోకి చేర్చగా, మెరుగుపరచిన రకం 2008లో విడుదలైంది.

వరి స్వపరాగ సంపర్కం జరుపుకునే మొక్క. సంకరం చేయాలంటే ఒక్కో చిరుపుష్పంలోని ఆరు కేసరాలనూ ముందుగా తీసేయాలి. ఈ ఒక్క వాక్యం చెబితే మెండెల్ బఠానీ పూలతో ఎంత ఓపికగా పనిచేశాడో పదో తరగతి పిల్లవాడికి అర్థమవుతుంది. ఈ అనుసంధానం ఏ బి.ఇడి. రికార్డులోనైనా ఉందా అని మీరే వెతకండి. పరిశీలకుడిగా నేను తిరగేసిన రికార్డుల్లో చార్టులు అందంగా ఉండేవి, అక్షరాలు ముత్యాల్లా ఉండేవి, పాఠాలు మాత్రం ఒకదానికొకటి నకళ్లు.

'స్థానిక వనరుల వినియోగం' అన్న ప్రశ్న పరీక్షలో తరచు వస్తుంది. జవాబు కూడా తయారుగా ఉంటుంది: క్షేత్ర పర్యటన, జంతు ప్రదర్శనశాల, మ్యూజియం. తెనాలి మీదుగా పారే కాలువల్లో గుర్రపుడెక్క ఉంది. దాని ఉబ్బిన కాడను అడ్డంగా కోస్తే వాయుగదుల కణజాలం కంటికే కనిపిస్తుంది, సూక్ష్మదర్శిని అక్కరలేదు. ఒక్క మొక్క నుంచి పిలకలు పుట్టి కాలువ నిండటం శాఖీయ ప్రత్యుత్పత్తికి ఉదాహరణ. తెనాలిలో మారి రేపల్లె రైలెక్కి వెళితే, అక్కడికి దగ్గరలోని నిజాంపట్నం తీరంలో మడ అడవులున్నాయి. బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన శ్వాసవేర్లను చూసిన పిల్లలకు 'వేరుకు కూడా ఆక్సిజన్ కావాలి' అని వేరే చెప్పనవసరం లేదు. జాలర్ల పిల్లలకు వాటి గురించి మీకన్నా ఎక్కువ తెలిసి ఉండవచ్చు. వాళ్లచేత చెప్పించండి.

ఇంటర్న్‌షిప్ సంగతి. 2014 నిబంధనలు దానికి మొత్తం 20 వారాలు కేటాయించాయి: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. పాత ఒక్క ఏడాది బి.ఇడి.తో పోలిస్తే ఇది నిజమైన మెరుగుదల, ఒప్పుకోవాలి. అయితే ఆ వారాలు సిలబస్ పూర్తి చేయడానికి, ఖాళీ పీరియడ్లు నింపడానికి కరిగిపోతే 20 అయినా 40 అయినా ఒకటే.

టెట్ విషయంలో నా అభ్యంతరం సూటిగా చెబుతాను. రెండో పేపరు 150 మార్కులు. అందులో గణితం, విజ్ఞానశాస్త్రం కలిపి 60. జీవశాస్త్రం చెప్పబోయే అభ్యర్థి గణితం, భౌతిక రసాయన శాస్త్రాల ప్రశ్నలకూ ఈ 60లోనే జవాబు రాయాలి. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజి ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేరు. ఫలితంగా మీరు బలపడవలసిన చోట కాక, బలహీనంగా ఉన్నచోట నెలలు గడుస్తాయి. మీ చేతిలో లేని విషయం ఇది. గణితానికి రోజూ కొంత సమయం ఇప్పటినుంచే కేటాయించండి.

'ముందు ఎం.ఎస్సీ. చేయమంటారా, బి.ఇడి.నా?' అని విద్యార్థులు అడుగుతుంటారు. పాఠశాల పోస్టుకు ఎం.ఎస్సీ. తప్పనిసరి కాదు, జూనియర్ లెక్చరర్‌కు కావాలి. ఎం.ఎస్సీ. మిమ్మల్ని ఒక చిన్న విభాగంలో లోతుకు తీసుకెళుతుంది, పదో తరగతికి కావలసింది వెడల్పు. ఒక్కటే చేయగల స్థోమత ఉంటే బి.ఇడి. చేయండి. అయితే డిగ్రీ పుస్తకాలను అమ్మేయకండి. 2020 జాతీయ విద్యావిధానం ప్రతిపాదించిన నాలుగేళ్ల సమీకృత కోర్సు విషయాన్ని, బోధనను ఒకే కప్పు కిందికి తెస్తానంటోంది. ఇప్పటికే డిగ్రీలో ఉన్న మీకు అది అందదు. ఆ కలిపే పని మీరే చేసుకోవాలి.

ఈ యూనిట్‌కు అభ్యాసం ఇది. వరి కోతకు ముందు చల్లిన మినుము సంక్రాంతి నాటికి ఎదిగి ఉంటుంది. రైతును అడిగి రెండు మొక్కలు తీసుకోండి. పీకవద్దు, తడి మట్టితో సహా తవ్వండి, లేకపోతే వేరు బుడిపెలు రాలిపోతాయి. మట్టి కడిగి, బుడిపెను గోటితో చీల్చి రంగు చూడండి. గులాబీ రంగు ఎందుకు ఉందో డిగ్రీ పుస్తకంలో వెతకండి. ఆకులు పసుపు మచ్చలతో ఉంటే పల్లాకు తెగులు, తెల్లదోమ గురించి ఆ రైతునే అడగండి. తరువాత ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఎవరైనా ఉంటే ఆమెకు ఆ వేరు చూపించి, ఆమె అడిగే మొదటి మూడు ప్రశ్నలను ఆమె మాటల్లోనే నోటుబుక్కులో రాసుకుని, సంపర్క తరగతికి తీసుకురండి.